బస్సు బోర్డుల గుణింతం: మూడో తరగతి డైరీ

జులై 1, 2025, మంగళవారం

పాత గుంటూరులోని ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో ఇవాళ మొదలుపెట్టాను. మంగళవారం, శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మూడో తరగతి పిల్లలతో తెలుగు చదివించాలి. నా ఆఫీసు పని మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది, ఇంటి నుంచే. కాబట్టి పొద్దున్నపూట నా చేతిలోనే ఉంది. హెచ్‌ఎం గారు ఒకటే మాట అన్నారు: "రెండు వారాలు వచ్చి మానేసేటట్టయితే ఇప్పుడే చెప్పండమ్మా. పిల్లలు ఎదురుచూస్తారు." సంక్రాంతి దాకా తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

తరగతిలో 27 మంది. ముందు ఎవరికి ఎంత వచ్చో తెలియాలి కదా. పల్లెల్లో పిల్లలు ఎంత చదవగలరో చూసే అసర్ సర్వేల్లో వాడే పద్ధతే పెట్టుకున్నాను. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఐదు అక్షరాలు చదవమని అడిగి నాలుగు సరిగ్గా చెబితే అక్షరాలు వచ్చినట్టు. పదాలకూ అంతే. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. కథ చదివినవాళ్లు నలుగురు. పేరా దగ్గర ఆగినవాళ్లు ఆరుగురు. పదాల దగ్గర ఎనిమిది మంది, అక్షరాల దగ్గర ఏడుగురు. ఇద్దరికి అక్షరాలూ సరిగ్గా రాలేదు.

ఒక సంగతి మనసులో ఉండిపోయింది. ఈ పిల్లల్లో చాలామంది "క కా కి కీ" అని గుణింతం మొత్తం పాటలాగా గడగడా చెప్పేస్తారు. మధ్యలో "కూ" మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే మొదటి నుంచి పాట ఎత్తుకుని, అక్కడిదాకా వచ్చి, అప్పుడు చెబుతారు. రెండో వరుసలో కూర్చునే ఒక అబ్బాయి "ఆవు" అని రాసి ఉన్నదాన్ని "ఆమ" అని చదివాడు. బొమ్మలో ఆవు ఉంది. బొమ్మ వంక చూశాడు, అక్షరాల వంక చూశాడు, మళ్లీ "ఆమ" అనే అన్నాడు. తన కంటికి కనిపించింది చెప్పాడు, బొమ్మ చూసి ఊహించి చెప్పలేదు. అది నాకు నచ్చింది.

పిల్లల పేర్లు ఈ డైరీలో రాయను.

జులై 11, శుక్రవారం

నిన్న రాష్ట్రమంతా బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. మా బడికీ తల్లులు బాగానే వచ్చారు. చాలామంది కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేవాళ్లే, ఆ పూట కూలి వదులుకుని వచ్చారు. వాళ్లు కూర్చున్న చోట గాలిలో సన్నగా మిర్చి ఘాటు. పక్కనున్న క్లాసు టీచరు గారికి తుమ్ములు ఆగలేదు. తల్లులకు మాత్రం అది తెలియనే తెలియదు.

"ఆమ" అబ్బాయి వాళ్లమ్మ నాతో అంది: "వాడికి బస్సు బోర్డులన్నీ వచ్చమ్మా. పుస్తకం ఇస్తేనే నోరు పెగలదు." వాళ్ల నాన్న బస్టాండులో వేయించిన వేరుశనగకాయలు, మంచినీళ్ల సీసాలు అమ్ముతాడు. ఆదివారాలు వీడూ అక్కడే ఉంటాడు.

ఇవాళ వాణ్ని పిలిచి బోర్డు మీద "తెనాలి" అని రాశాను. చూస్తూనే చెప్పాడు. "సత్తెనపల్లి" కూడా చెప్పాడు. ఒత్తులున్న మాట అది! తర్వాత "తెనాలి"లో "తె" చెరిపేసి ఏమిటని అడిగితే ఆగిపోయాడు. అంటే మాటంతా ఒక బొమ్మలాగా గుర్తుంది, లోపలి అక్షరాలు విడిగా తెలియవు. చెరిపిన "తె" మళ్లీ రాసి, వేలితో ఒక్కొక్కటీ తడుముతూ "తె... నా... లి..." అని ఇద్దరం కలిసి అన్నాం. మళ్లీ "తె" చెరిపాను. ఈసారి "నాలి" అన్నాడు. "లి" ఒక్కటే ఉంచితే "లి" అన్నాడు. ఐదు నిమిషాలు పట్టింది.

నేను తెనాలి దగ్గర పుట్టి పెరిగినదాన్ని. ఆ ఊరి పేరులో ఎత్వం, దీర్ఘం, గుడి మూడూ వరసగా ఉన్నాయని ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు.

ఇంటికొచ్చి రాత్రి ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. గుంటూరు: కొమ్ము, సున్న, కొమ్ముదీర్ఘం. మంగళగిరి: సున్న, గుడి. చిలకలూరిపేట: గుడి, కొమ్ముదీర్ఘం, ఏత్వం. పొన్నూరు: ఒత్వం, న ఒత్తు. బాపట్ల: ట కింద ల ఒత్తు. ఒంగోలు: ఓత్వం. మన జిల్లా బస్సులే ఒక వాచకం. పిల్లలు పుట్టినప్పటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నారు.

జులై 22, మంగళవారం

ప్రాజెక్టు రూపం కుదిరింది. తరగతి వెనక గోడ మీద 14 గళ్లు. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, సున్న. ఒక్కో గడిలో ఆ గుర్తు ఉన్న మాటలు అంటించాలి. నియమం ఒకటే. ఆ మాట పిల్లలే బయట ఏదో బోర్డు మీద చూసి, రాసుకుని తేవాలి. నేను చెప్పకూడదు, క్లాసు టీచరు గారూ చెప్పకూడదు.

కాగితాలు కావాలని మా బ్రాడీపేట వీధిలో ఒకమాట అన్నానంతే. మా పైవాటాలో ఉండే పిన్నిగారు పాత క్యాలెండర్లు దించి ఇచ్చారు. వెనక వైపు తెల్లగా, దళసరిగా, పిల్లల చేతులకు సరిగ్గా సరిపోయే కాగితం. ఆవిడ ఎదురింటికి చెప్పారు, వాళ్లు పక్క లైనుకి చెప్పారు. వారం తిరిగేసరికి మా గుమ్మంలో అరవై దాకా క్యాలెండర్లు. ఇక్కడికి మారి ఏడాదైనా నేను పలకరించని ఇళ్లవాళ్లు, "బడి పిల్లలకటగా" అంటూ వచ్చి ఇచ్చి వెళ్లారు.

ఆగస్టు 5, మంగళవారం

నా వల్ల ఒక తప్పు జరిగింది. తొందరగా పని అవుతుందని 40 మాటలు కంప్యూటర్లో టైప్ చేసి, చూడ్డానికి ముచ్చటగా ఉన్న ఒక ఫాంట్ పెట్టి, ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి తీసుకెళ్లాను. 900 రూపాయలైంది. డబ్బు పోతే పోయింది. పిల్లలు మూడు వారాల్లో తెచ్చుకున్న ధైర్యం ఒక్క గంటలో పోయింది, నా బాధ అది. ఆ ఫాంటులో తలకట్లు అక్షరాలకు దూరంగా గాల్లో తేలుతున్నాయి. "వు"కీ "మ"కీ తేడా నాకే కష్టంగా ఉంది. రెండో వరుస అబ్బాయి "నరసరావుపేట" కార్డు పట్టుకుని "నరసరా..." దాకా చదివి, "మ" అనాలో "వు" అనాలో తేలక నా మొహం వంక చూశాడు. బస్సు మీదైతే టక్కున చెప్పే ఊరు అది.

కార్డులన్నీ సంచిలో వేసేశాను. పిల్లలతో, "ఇవి సరిగ్గా రాలేదు, తప్పు నాది" అని చెప్పాను. నీలం రిబ్బన్ల అమ్మాయి లేచి, "మేం రాస్తాం టీచర్" అంది.

ఆగస్టు 19, మంగళవారం

లాలాపేటలో ఒక సైన్‌బోర్డు పెయింటరు గారు ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. ఫ్లెక్సీలొచ్చాక బోర్డుల పని తగ్గిపోయి, ఇప్పుడు ఎక్కువగా ఆటోల వెనక పేర్లు, నంబరు ప్లేట్లు రాస్తున్నారు. పోయిన శనివారం వెళ్లి సంగతంతా చెప్పి, ఒక్క గంట వచ్చి అక్షరం ఎట్లా రాస్తారో పిల్లలకు చూపిస్తారా అని అడిగాను. "డబ్బులు మాత్రం ఇవ్వొద్దమ్మా" అన్నారు. ఇవాళ సైకిల్ మీద రెండు హార్డుబోర్డు ముక్కలు కట్టుకుని వచ్చారు.

ఆ గంట గురించి వివరంగా రాయాలి.

ముందు దారానికి సుద్ద పూసి, ఒక కొస ఒక పిల్లకి, ఇంకో కొస ఇంకో పిల్లకి ఇచ్చి, బోర్డు మీద బిగించి పట్టుకోమన్నారు. మధ్యలో వేలితో లాగి వదిలారు. టప్‌మని తెల్లటి గీత పడింది. ఊపిరి బిగబట్టి చూస్తున్న పిల్లలంతా ఒక్కసారి కేరింతలు. అట్లా రెండు గీతలు. "అక్షరం ఒళ్లంతా ఈ రెండిటి మధ్యలో ఉండాలి. తలకట్టు పైగీత మీద. ఒత్తులు కిందిగీత కింద" అన్నారు. బల్లపరుపు కుంచె ఎనామెల్‌లో ముంచి, డబ్బా అంచుకి రెండుసార్లు తుడిచి, "వ" రాశారు. మణికట్టు కదలలేదు, మోచెయ్యి మొత్తం తిరిగింది. తలకట్టు అన్నిటికంటే చివర పెట్టారు.

అప్పుడు నేను "వు", "మ" సంగతి అడిగాను. ఆయన పక్కపక్కన రెండూ రాసి, పిల్లల వైపు తిరిగి, "ఈ తోక చూడండి. 'వు'లో కొమ్ము కిందికి దిగి, కింద నుంచి పైకొస్తుంది. నీళ్లలో మునిగి లేచినట్టు. 'మ' తోక మునగదు. పక్క నుంచే పైకి లేస్తుంది" అన్నారు. రెండో వరుస అబ్బాయి లేచి దగ్గరికొచ్చి, తడి రంగుకి తగలకుండా గాలిలోనే వేలితో రెండూ దిద్దాడు. "ఇది మునిగింది, వు. ఇది మునగలేదు, మ" అన్నాడు. ఇన్ని వారాలుగా నేను "సరిగ్గా చూడు నాన్నా" అంటున్నానే తప్ప, ఏది చూడాలో చెప్పలేదు. ఆయన ఏది చూడాలో చెప్పారు.

వెళ్లేముందు పెద్ద బోర్డు మీద "గుంటూరు" అని రాసిచ్చారు. పిల్లలు ఆయనకు బోర్డు తాత అని పేరు పెట్టేశారు.

సెప్టెంబరు 2, మంగళవారం

బస్టాండుకి వెళ్లొచ్చాం. హెచ్‌ఎం గారు అనుమతి ఇచ్చారు, తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాం. ఐదు ఆటోలు, క్లాసు టీచరు గారు, వంట చేసే ఆయా, నలుగురు తల్లులు, నేను. ముందురోజు రాత్రంతా నాకు టెన్షనే. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చాక బస్టాండు ఎప్పుడూ కిటకిటలాడుతోంది. అందుకని తెలుగు బోర్డులు ఎక్కువగా ఉండే పల్లెవెలుగు బస్సుల ప్లాట్‌ఫారాల దగ్గరే ఆగాం. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని, మెడలో పలక వేలాడేసుకుని.

వేరుశనగకాయల బండి దగ్గర వాళ్ల నాన్న, కొడుకుని పిల్లలందరికీ ముందు నడుస్తూ చూసి నిలబడిపోయాడు. ఇవాళ బృందానికి దారి చూపించేవాడు వాడే. "మాచర్ల ఇటు, రేపల్లె అటు" అని చెయ్యి చూపిస్తూ నడిచాడు. ఒక డ్రైవరు గారు పిల్లలు రాసుకునేదాకా బస్సు రెండు నిమిషాలు ఆపి, "అందరూ రాసుకున్నారా?" అని అడిగి మరీ కదిలించారు. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తొంగిచూసి, ఏ ఊరు రాస్తున్నారమ్మా అని పలకరించారు.

తెచ్చిన మాటలు 31. శ్రీశైలం బోర్డు ఒక్కటే రెండు గళ్లు నింపింది, గుడిదీర్ఘం, ఐత్వం. "పల్లెవెలుగు" అన్న మాటే ఎత్వం గడికి రెండుసార్లు పనికొచ్చింది.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఆరుగురు ఉన్నారు తరగతిలో. వాళ్లలో ఒక అమ్మాయి నోరు విప్పి మాట్లాడటమే తక్కువ. ఇవాళ వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, కూరల గంప దగ్గర అట్టముక్క మీద తనే రాసి పెట్టానని "గోంగూర" అన్న మాట తెచ్చింది. ఓత్వం, సున్న, కొమ్ముదీర్ఘం, మూడు గళ్లలోకి. మూడు గళ్లలోనూ తనే అంటించింది. తన చేతిరాత చూసి జనం గోంగూర కొంటున్నారట.

అక్టోబరు 7, మంగళవారం

దసరా సెలవుల్లో ఊళ్లకు వెళ్లొచ్చిన పిల్లలు జేబుల నిండా మాటలు తెచ్చారు. ప్రత్తిపాడు, దుగ్గిరాల, నిజాంపట్నం. వాళ్ల పెద్దమ్మ ఊరికి వెళ్లిన నీలం రిబ్బన్ల అమ్మాయి "అమృతలూరు" తెచ్చింది. తెనాలికి దగ్గరే, నేను ఎన్నోసార్లు వెళ్లిన ఊరు. వట్రసుడి గడి నిండింది. చెప్పాలని నోటిదాకా వచ్చినా రెండు నెలలు ఆపుకున్నాను. ఆ అమ్మాయి సంతోషం చూశాక మంచి పని చేశాననిపించింది.

ఇంక మిగిలింది ఔత్వం ఒక్కటే. మా బడి సందు మలుపులోనే చౌక ధరల దుకాణం ఉంది, బోర్డు మీద చక్కగా రాసి ఉంది. రోజూ దాని ముందు నుంచే వస్తారు. చెప్పను.

అక్టోబరు 31, శుక్రవారం

మొంథా తుపాను వల్ల ఈ వారం బడి సరిగ్గా జరగలేదు. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు వానలు, గాలి. ఇవాళ వెళ్లి చూస్తే వెనక గోడ చెమ్మకి గళ్ల కాగితాలు చాలా ఊడి కిందపడ్డాయి. రంగు స్కెచ్ పెన్నులతో రాసినవి అలికిపోయాయి. బోర్డు తాత ఎనామెల్‌తో రాసిన "గుంటూరు" మాత్రం చెక్కుచెదరలేదు.

పిల్లలు కిందపడ్డవన్నీ ఏరి వరండాలో ఆరబెట్టారు. అలికిపోయిన మాటలు ఏమిటో గుర్తుపట్టి మళ్లీ రాయాలి. సగం అక్షరాలే కనబడుతున్న "చే...లు" కాగితం పట్టుకుని ఇద్దరు వాదించుకున్నారు. ఒకరు చేపలు అన్నారు, ఒకరు చేబ్రోలు అన్నారు. మధ్యలో కింద మిగిలిన చిన్న రంగు గీత ర ఒత్తుదని చూపించి చేబ్రోలు అన్నవాడు గెలిచాడు. రెండో వరుస అబ్బాయి. నేను కలగజేసుకోలేదు.

నవంబరు 9, ఆదివారం

ఇది బడి పని కాదు, కానీ రాయకుండా ఉండలేను. మా లైను వాళ్ల కార్తీక వనభోజనాలు ఇవాళ పేరేచర్ల వైపు ఒక తోటలో జరిగాయి. ఉసిరి చెట్టు కింద దీపాలు పెట్టి, పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, చక్కెర పొంగలి. పిన్నిగారి పట్టుదల మీద బోర్డు తాత వాళ్ల దంపతుల్ని కూడా పిలిచాం. వడ్డనలో నిలబడ్డ ఒక మాస్టారు, 30 ఏళ్లు ఒకటో తరగతికే చెప్పి రిటైరైన ఆయన, నా పక్కకొచ్చి, "ఒత్తులు ఎట్లా చెబుతున్నావమ్మా?" అని అడిగారు. ఒక్కొక్క మాటతో వస్తున్నాయండీ అన్నాను. విస్తరాకు తిరగేసి దాని మీద వేలితో గీసి చూపించారు. "చాలా హల్లులకు తలకట్టు తీసి కింద పెడితే దాదాపు అదే ఒత్తు. త, న, మ, య, ర, ల, వ, వీటికి మాత్రం రూపమే మారిపోతుంది. ఈ ఏడూ విడిగా పట్టుకో. మిగిలినవి పిల్లలే పట్టుకుంటారు."

శుక్రవారాలు ఆయన కూడా బడికి వస్తానన్నారు. అట్లా అనుకోకుండా మాకు ఇంకో మనిషి దొరికారు.

డిసెంబరు 5, శుక్రవారం

ఇవాళ మళ్లీ మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. వెనక గోడ ముందు పిల్లలే నిలబడి తల్లిదండ్రులకు గళ్లు చూపించారు. మాస్టారు చెప్పిన ఏడు ఒత్తులకూ కింద ఒక వరస వచ్చింది: సత్తెనపల్లి, పొన్నూరు, అమ్మ, కొయ్య, చిర్రావూరు, బాపట్ల, పువ్వులు. "కొయ్య" ఒక సామిల్లు గోడ మీదిది, "పువ్వులు" పట్నంబజారులో దొరికింది. గోంగూర నానీ వచ్చి తన అట్టముక్క మాట గోడ మీద మూడుచోట్ల చూసుకుని, మనవరాలి తల నిమిరి వెళ్లింది.

డిసెంబరు 23, మంగళవారం

మళ్లీ పరీక్ష, జులైలో లాగానే వరండాలో, ఒక్కొక్కరుగా. కథ చదివినవాళ్లు 13 మంది. పేరా ఎనిమిది మంది. పదాలు నలుగురు. అక్షరాల దగ్గర ఇద్దరు.

ఆ ఇద్దరి గురించి ఆలోచిస్తున్నాను. ఒక పిల్లవాడు పనుల కాలంలో అమ్మానాన్నలతో వెళ్లిపోయి నెల తర్వాత వచ్చాడు. ఇంకో అమ్మాయికి బోర్డు మీది రాత దూరం నుంచి కనబడటం లేదని నాకు ఇప్పుడు అనుమానంగా ఉంది, కళ్లు చికిలించి చూస్తోంది. ఇది జులైలోనే నా కంట పడాల్సింది. సెలవులు కాగానే కళ్లు చూపిద్దామని వాళ్లమ్మతో మాట్లాడాను. ముందు వరుసలోకి మార్చాం.

జనవరి 20, 2026, మంగళవారం

సంక్రాంతి సెలవులయ్యాయి. నేనిచ్చిన మాట గడువు కూడా అయింది. పొద్దున వెళ్లగానే హెచ్‌ఎం గారు ఏమీ అడగకుండా నా పేరున్న రిజిస్టరు ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. ఏప్రిల్ దాకా వస్తాను.

తరగతిలోకి అడుగు పెట్టీ పెట్టకముందే రెండో వరుస అబ్బాయి ఎదురొచ్చాడు. "టీచర్, ఔత్వం దొరికింది. బస్సు పైన లేదు. లోపలుంది."

జేబులోంచి నలిగిపోయిన టికెట్ తీశాడు. పండక్కి మాచర్ల వెళ్లొచ్చారట, ఉచిత ప్రయాణానికి వాళ్లమ్మకి ఇచ్చిన సున్నా టికెట్ అది. వెనక వైపు పెన్సిల్‌తో, బస్సు కుదుపులకి వంకర్లు పోయిన అక్షరాల్లో, ఒక వాక్యం మొత్తం ఎక్కించుకున్నాడు. వాళ్లమ్మ కూర్చున్న సీటు పైన రాసి ఉందట: "స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం."

ఈ వాక్యం కింద కూర్చుని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు తెనాలి వెళ్లానో లెక్కలేదు. నాకు తట్టలేదు. నేను చౌక దుకాణం దగ్గరే ఆగిపోయాను.

క్యాలెండర్ కాగితం మీద "గౌరవించుట" అని పెద్దగా రాసి, స్టూలెక్కి వాడే ఆఖరి గడిలో అంటించాడు. 27 మంది చప్పట్లు. నీలం రిబ్బన్ల అమ్మాయి వెళ్లి పక్క తరగతి వాళ్లని పిలుచుకొచ్చింది.

వాడు స్టూలు దిగి నా దగ్గరికొచ్చి, టికెట్ మీద మొదటి అక్షరం చూపించాడు. "టీచర్, దీని కింద రెండున్నాయి. ఒకటి త. ఇంకోటి ర. పైన గుడిదీర్ఘం. మూడూ ఒకేసారి ఎట్లా పలకాలి?"

ఇద్దరం నేల మీద కూర్చుని పలక ముందు పెట్టుకున్నాం. ముందు "స" రాయమన్నాను.